దాన్ని అప్పుడే గుంపులో కలపకు, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఏడు వారాల కోడిపిల్ల, తోటివి పొడిస్తే నెత్తి మీద తోలు లేచిపోయింది, మెడ వెనక నెత్తురు గడ్డకట్టింది అన్నావు. "పసుపు అద్దాను పెద్దమ్మా, గూట్లో మిగతావాటి పక్కనే పడుకోబెట్టాను" అన్నావు. ముందు దాన్ని బయటికి తియ్యమని అందుకే అంతలా అరిచాను. తీశానని నువ్వు మెసేజ్ పెట్టాక కాస్త కుదుటపడ్డాను. ఫోన్లో సిగ్నల్ తెగిపోతోంది, పైగా ఇవి ఒకసారి వింటే గుర్తుండే సంగతులు కావు. అందుకని రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్యి.

కోడికి ఎర్రగా ఏది కనబడినా పొడిచి చూస్తుంది. తోటి పిల్ల ఒంటి మీద నెత్తురు చుక్క కనబడితే ఒకటి పొడుస్తుంది, దాన్ని చూసి రెండోది, ఇక గూడంతా మీద పడుతుంది. తల్లిచాటున కలిసి పెరిగిన పిల్లలైనా ఆగవు. గంటలో ప్రాణం తీసేస్తాయి. కాబట్టి మందుకన్నా ముందు దాన్ని వేరు చేయడమే వైద్యం. సగం పని నువ్వు చేసేశావు.

అట్టపెట్టెలో పెట్టానన్నావు, మంచిదే. పెట్టెకి నాలుగువైపులా చిల్లులు పెట్టి, గాలి ఆడే చోట, వెలుతురు తక్కువగా ఉన్న చోట ఉంచు. అడుగున పాత కాటన్ చీర ముక్క మడిచి పరువు. తెల్లదైతే మరీ మంచిది, చీముగానీ నెత్తురుగానీ అంటితే వెంటనే తెలుస్తుంది. ఊక, రంపపు పొట్టు వద్దు, పచ్చి పుండుకి అతుక్కుంటాయి. దెబ్బ తిన్న పిల్లకి బల్బు వెయ్యాలని ఎక్కడో చదివానన్నావు. చలికాలమైతే నేనూ అదే చెప్పేదాన్ని. ఇది రోహిణి కార్తె. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే అది ఒంటిని చల్లార్చుకోవాలి. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈ ఎండల్లో, మీ రేకుల వరండాలో బల్బు పెడితే గాయం కన్నా ముందు వడదెబ్బ తగులుతుంది. పిల్ల కాళ్ళు చేత్తో పట్టుకుని చూడు. చల్లబడి ఉంటే మాత్రం గోరువెచ్చని నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి ఒక మూల పెట్టు. వేడి ఎక్కువైతే అది పక్కకి జరగడానికి చోటు ఉండాలి.

ముందు నీళ్ళు, తర్వాతే మేత. గ్లాసు నీళ్ళలో చెంచా బెల్లం కరిగించి మొదటి పూట అవి ఇవ్వు, తర్వాత మామూలు నీళ్ళే. వేలు ముంచి ముక్కు చివర చుక్క పెడితే అదే చప్పరించుకుంటుంది. సిరంజితో గొంతులోకి కొట్టకు. కోడికి ఊపిరి గొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతే చేతుల్లోనే పోతుంది. ప్రేమకొద్దీ నీళ్ళు పోసి పిల్లల్ని చంపుకున్నవాళ్ళని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక గాయం. ఒక్కదానివే చెయ్యకు, అల్లుడి చేత పట్టించు. పిల్లని పలచటి తువ్వాలులో రెక్కలు కదలకుండా చుట్టి, ముఖం మీద గుడ్డ కొస కప్పితే చీకటికి మెదలకుండా ఉంటుంది. ముక్కు మాత్రం మూసుకుపోకుండా చూడు. ఇంకా నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అయిదు నిమిషాలు మెత్తగా అదిమి పట్టుకో, మధ్యమధ్యలో ఎత్తి చూడకు. ఆగాక కడుగు. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ బాటిల్ దొరుకుతుంది, అదైతే సులువు. లేకపోతే లీటరు నీళ్ళు కాచి చల్లార్చి అందులో టీ చెంచాన్నర ఉప్పు వెయ్యి. దూదితో రుద్దకు, పోగులు పుండులో ఉండిపోతాయి. ధారగా పోస్తూ కడుగు. నిన్న అద్దిన పసుపు ముద్దకట్టి ఉంటుంది, అదంతా నాని ఊడి వచ్చేదాకా ఓపిగ్గా పొయ్యి.

పసుపు సంగతి కూడా చెప్పనీ. చిన్న గాటుకి, గోరు విరిగి నెత్తురు వస్తే చిటికెడు పసుపు నేనూ పెడతాను. తోలు చీలిన చోట మాత్రం పొడి వెయ్యను. అది పైన పెచ్చులా ఆరుతుంది, కింద చీము పట్టినా మనకి కనబడదు. మా అత్తగారు పసుపుతోనే అన్నీ నయం చేసేది. ఆవిడ కొమ్ములు ఇంట్లో కొట్టించిన పసుపు వాడేది, పైగా రోజుకి రెండుసార్లు కడిగేది. ఆ కడగడమే పనిచేసిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

కడిగాక బెటాడిన్‌ని కాచి చల్లార్చిన నీళ్ళలో లేత టీ రంగు వచ్చేలా కలిపి మొదటి రెండు మూడు రోజులు అద్దు. చిక్కగా పోస్తే కొత్తగా వస్తున్న కండ కూడా మాడుతుంది. డెటాల్, స్పిరిట్ దగ్గరికి రానివ్వకు. తోలు ముక్క వేలాడుతుంటే కత్తిరించకు, కడిగి మెల్లగా దాని చోటికి జరుపు. కోడి చర్మం అంచుల నుంచి లోపలికి కమ్ముకుంటూ వస్తుంది. పిల్ల తింటూ ఉంటే, పుండు శుభ్రంగా ఉంటే రెండు మూడు వారాల్లో ఎంత పెద్దది పూడుతుందో నువ్వే ఆశ్చర్యపోతావు. పుర్రె తెల్లగా కనబడేలా చీరుకుపోయిన పిల్ల నా చేతుల మీదే లేచి గుడ్లు పెట్టింది.

నాకు అసలు భయం ఈగలు. ఎండాకాలంలో పచ్చి పుండు మీద ఈగ వాలితే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది. అందుకని పెట్టె మీద దోమతెర గుడ్డ కట్టు. పొద్దున, సాయంత్రం వెలుతురులో పుండు అంచులూ, దాని చుట్టూ ఈకల మొదళ్ళూ విడదీసి చూడు. తెల్లగా నూకల్లా అంటుకుని ఉంటే అవి ఈగ గుడ్లు, వెంటనే కడిగెయ్యి. రెక్కల కింద, ముడ్డి దగ్గర కూడా చూడు, అక్కడ పొడిచిన పిల్లని చాలామంది ఆలస్యంగా కనిపెడతారు. చీమలు రాకుండా పెట్టెని స్టూలు మీద పెట్టి, కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు ఉంచు. చీమల సుద్ద మాత్రం గియ్యకు, పిల్ల పొడిచి తింటుంది.

నొప్పి తగ్గడానికి మన మాత్రలో పావు ముక్క వెయ్యనా అని అడిగావు. వద్దు తల్లీ. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు లక్షలకొద్దీ చచ్చిపోతుంటే 2006లో మన దేశంలో పశువులకి ఆ మందు వాడకాన్నే నిషేధించారు. మనకి చిన్న మాత్ర అనిపించేది పక్షి మూత్రపిండాలకి విషం కావచ్చు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్ళలో కలపడం కూడా వద్దు. పుండు వాసన వస్తున్నా, చీము కనబడినా, పురుగు పడినా, కన్ను మూసుకుపోయినా, ఎముక కనబడుతున్నా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, మీ మండలం పశువైద్యశాలకి పట్టుకెళ్ళు. వెళ్ళే వీలు లేకపోతే పశువైద్యం హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి అడుగు. కోడిపిల్లకి డాక్టరేంటి అని ఎవరైనా అంటే వినకు. మందు ఎంత, ఎన్ని రోజులు, ఆ తర్వాత ఎన్నాళ్ళు గుడ్డుగానీ మాంసంగానీ తినకూడదు, ఇవన్నీ డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి. నెత్తి మీద, ముక్కు పక్కన, కనురెప్పల మీద పొక్కుల్లా లేచి నల్లగా పెచ్చు కట్టి ఉంటే అది పొడిచిన గాయం కాదు, కోడి మశూచి. అలాంటి పొక్కులు మిగతా పిల్లలకి కూడా ఉన్నాయేమో చూసి చెప్పు.

మేత విషయం సులువే. ఇప్పుడు వేస్తున్న స్టార్టర్ దాణానే నీళ్ళతో తడిపి మెత్తగా పెట్టు, అందులో ఉడికించిన గుడ్డు పచ్చసొన నలిపి కలుపు. గుడ్డు పెడితే రేపు గుడ్లు తినే అలవాటు అవుతుందని మీ వీధిలో ఎవరో అన్నారట. పెంకు లేకుండా ఉడికించి నలిపి పెడితే అదేమీ అవదు. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి, ఒట్టి నూకలతో పూడదు. రెట్ట రోజూ చూడు. ఆకుపచ్చగా, పలచగా పడుతుంటే కడుపులో మేత లేదని. పడుకునే ముందు మెడ కింద మేత సంచి తడిమితే చిన్న నిమ్మకాయంతైనా తగలాలి.

ఇప్పుడు మిగతా ఎనిమిదింటి మాట. ఆరు గ్రామప్రియ పిల్లల్ని, వాటికన్నా మూడు వారాలు పెద్దవైన మూడు నాటు పిల్లల్ని ఒకే గూట్లో కలిపావు. గ్రామప్రియ మీ దగ్గర రాజేంద్రనగర్‌లోనే పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం, సాధువైన కోడి. నీ నాటువాటిలో ఆ పొడుగు కాళ్ళ పుంజు పిల్ల అసీల్ అనే పందెం కోడి జాతి కలిసినదని ఫోటో చూస్తేనే తెలుస్తోంది. ఆ జాతి పిల్లలు ఈకలు పూర్తిగా రాకముందే కలబడతాయి. ఏడెనిమిది వారాల వయసులో పిల్లలన్నీ ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చుకుంటాయి. ఆ సమయంలో గూడు ఇరుకై, ఎండ మండిపోతూ, మేత తొట్టి ఒక్కటే ఉంటే పొడుచుకోక ఏం చేస్తాయి? తప్పు వాటిది కాదు.

ఆ పుంజు పిల్ల ముక్కు కత్తిరించమన్నారని చెప్పావు. పని వాళ్ళు వేడి బ్లేడుతో వేలకొద్దీ చేసే ఫారాల సంగతి వేరు. ముక్కు కొసలో నరాలుంటాయి, దానికి నొప్పే. తొమ్మిది పిల్లల పెరట్లో ఆ అవసరమే లేదు. దాన్ని నాలుగు రోజులు మిగతావాటికి కనబడకుండా వేరే చోట కట్టెయ్యి. తిరిగొచ్చేసరికి దాని స్థానం పోయి ఉంటుంది, కొత్తగా వచ్చిన దానిలా ఒదిగి ఉంటుంది. మేత తొట్లు మూడు చెయ్యి, ఒకదాని దగ్గర నిలబడి ఇంకోదాన్ని కాపలా కాయలేనంత దూరంగా పెట్టు. నీళ్ళూ రెండు చోట్ల. మధ్యాహ్నం గూడు మీద తడి గోనె వెయ్యి. తోటకూరో మునగాకో కట్టగా కట్టి తల ఎత్తి అందుకునేంత ఎత్తులో వేలాడదియ్యి, పొద్దంతా దాంతోనే గడుపుతాయి. మూలన ఎండు కొమ్మలు పడేస్తే తరిమినప్పుడు దూరడానికి చోటుంటుంది. చెదలు దొరికితే ఇంకేం కావాలి. పేడ, ఎండు గడ్డి తడిపి కుండలో కూరి, చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే పొద్దునకి కుండ నిండా ఉంటాయి. మీ ఇంటి వెనక ఖాళీ స్థలంలో పెట్టి చూడు.

అన్నిటికన్నా కష్టమైనది చివర్న వస్తుంది. నువ్వు పుట్టిన ఏడాది నా దగ్గర ఒక బూడిదరంగు పెట్టపిల్ల ఇలాగే దెబ్బ తింది. మూడు రోజులు గంప కింద పెట్టి చూశాను. చక్కగా తింటోంది, అరుస్తోంది, ఒంటరిగా దిగులు పడుతోందని జాలిపడి నాలుగో రోజు పొద్దున గుంపులో వదిలి పొలం వెళ్ళిపోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి దొడ్లో గోడ వార పడి ఉంది. మొదటిసారి బతికించుకుని, రెండోసారి నా తొందరతో పోగొట్టుకున్నాను. ఆ రంగు పెట్టని ఎక్కడ చూసినా ఇప్పటికీ అది గుర్తొస్తుంది.

అందుకని నువ్వు తొందరపడకు. పెచ్చు దానంతటదే రాలి, కింద గులాబి రంగు పోయి, మామూలు తోలు వచ్చేదాకా ఆగు. కొత్త ఈకలు మొదట నీలంగా ముళ్ళలా వస్తాయి, వాటిలో నెత్తురుంటుంది. అవి విచ్చుకోకముందే పొడిస్తే మళ్ళీ నెత్తురే. పూర్తిగా పీకేసిన చోట ఈక కొన్ని వారాల్లో వస్తుంది గానీ, మధ్యలో విరిగిన ఈక పాతవి రాల్చుకునేదాకా అలాగే ఉంటుంది, దానికోసం చూస్తూ కూర్చోకు.

అంతదాకా ఒంటరిగా మాత్రం ఉంచకు. నాలుగైదు రోజులయ్యాక, పిల్ల తేరుకోగానే, సాయంత్రం పూట నీడలో గంప కింద పెట్టి, చుట్టూ మిగతావాటికి గింజలు చల్లు. అది లోపల తింటుంది, అవి బయట తింటాయి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, ముక్కు తగలదు. తర్వాత గ్రామప్రియల్లో అన్నిటికన్నా మెతకదాన్ని తెచ్చి అదే గంప కింద తోడు పెట్టు. ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయంటే సగం దారి దాటినట్టే. కలిపే రోజు రెండింటినీ కలిపే వదులు. చీకటి పడే వేళ, అన్నీ గూట్లో సర్దుకున్నాక పెట్టు, మర్నాడు తెల్లవారకముందే నువ్వు అక్కడ ఉండు. ఒకటి రెండు పోట్లు పడతాయి, పరుగెత్తిపోయి తీసెయ్యకు. వెంటపడి నెత్తి మీదే పొడుస్తుంటే మాత్రం వెంటనే తీసి, ఇంకో వారం ఆగు.

మీ పెదనాన్న ఆదివారం పని మీద హైదరాబాద్ వస్తున్నారు. నా దగ్గరున్న రెండు వెదురు గంపల్లో చిన్నదాన్ని ఆయన చేత పంపుతున్నాను. ఒక పక్క అల్లిక కాస్త వదులైంది, పురికొసతో బిగించాను. పిల్ల తల బయటికి పట్టేంత సందు ఎక్కడైనా ఉందేమో చూసుకుని వాడు. రేపు పొద్దున పుండు ఫోటో ఒకటి, రెట్ట ఫోటో ఒకటి తీసి పంపు.

నీ పెద్దమ్మ