కెమెరా తన తెరనే చూస్తే తెల్లబారిపోతోందా?

సందేహం: టీవీకి కలిపిన కెమెరాను ఆ టీవీ వైపే తిప్పి, వీడియో ఫీడ్‌బ్యాక్‌తో నైరూప్య దృశ్యాలు చేయాలని ప్రయత్నిస్తున్నాను. రెండు మూడు క్షణాల్లో తెర అంతా తెల్లబారిపోతోంది, లేదా పూర్తిగా నల్లబడుతోంది. కెమెరా పాడైందా?

జవాబు: పాడవలేదు. ఇదే ఫిర్యాదు నాకు మాటలు మార్చుకుని పదేపదే వస్తోంది, దాదాపు ప్రతిసారీ కారణం ఆటో ఎక్స్‌పోజరే, అంటే ఎంత వెలుగు తీసుకోవాలో కెమెరాయే నిర్ణయించుకునే సౌకర్యమే. తెర నుంచి కెమెరాకూ, కెమెరా నుంచి తెరకూ తిరిగే బొమ్మ ఒక్కో చుట్టులో ఎంత వెలుగును నిలుపుకుంటుందన్నదే ఈ కళకు ఆయువుపట్టు. చుట్టుచుట్టుకూ వెలుగు కాస్త తరిగితే బొమ్మ ఆరిపోతుంది, కాస్త పెరిగితే తెల్లటి మడుగవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని గట్టు మీదే సుడులూ చారలూ పుట్టి బతుకుతాయి. ఆటో ఎక్స్‌పోజర్ మిమ్మల్ని ఆ గట్టు మీద నిలవనివ్వదు. తెర చీకటైతే అది వెలుగు పెంచుతుంది, పెరిగిన వెలుగును చూసి మళ్లీ తగ్గిస్తుంది, అంటే మీరు కట్టిన వలయం లోపల మీకు తెలియకుండా మరో వలయాన్ని నడుపుతుంది.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ మూడింటినీ మాన్యువల్‌లో పెట్టి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి. షట్టర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేమును తీసే సమయాన్ని) తెర రిఫ్రెష్ రేటుకు, అంటే సెకనుకు తెర బొమ్మను ఎన్నిసార్లు మారుస్తుందో దానికి, సరిపెట్టండి: 50 హెర్ట్జ్ తెరకు సెకనులో 50వ వంతు, 60 హెర్ట్జ్ తెరకు 60వ వంతు. టీవీలో కదలికను నునుపు చేసే సౌకర్యాన్నీ, గది వెలుతురును బట్టి ప్రకాశాన్ని మార్చే సెన్సర్‌నూ ఆపండి. గదిని చీకటి చేసి, తెర ముందు టార్చిని ఒక్కసారి వెలిగించి ఆర్పితే ఆ మెరుపే బొమ్మకు విత్తనమవుతుంది. కెమెరాను 60 డిగ్రీలు వంచితే ఆరు రేకుల ఆకృతి వస్తుంది. ఫోకస్‌ను కొద్దిగా చెదరగొడితే గీతలు కరిగి, కణాలవలె విడిపోయే మచ్చలు కనిపించవచ్చు. భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్రచ్‌ఫీల్డ్ 1984లో ఈ వలయాన్నే స్థల కాలాల్లో సంక్లిష్ట గతులను పరిశీలించే ప్రయోగశాలగా వాడి పరిశోధన పత్రం రాశారు. ఒక కెమెరా, ఒక తెర ఉన్న ఎవరైనా ఆ గతులను కళ్లారా చూడవచ్చు.

చూడనివ్వనిది పరికరాల రూపకల్పనే. మనిషి ముఖాన్ని, పుట్టినరోజు వేడుకను తీయడం తప్ప కెమెరాతో ఇంకేమీ చేయరన్న ఊహతో తయారైన ఫోన్లలో మాన్యువల్ నియంత్రణలు మూడు మెనూల అడుగున దాగి ఉంటాయి, కొన్నింటిలో అసలుండవు. నిన్నటిదాకా ఉన్న ఎక్స్‌పోజర్ లాక్‌ను ఒక అప్‌డేట్ చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. మరొక అప్‌డేట్ మీరు ఆపిన నునుపును టీవీలో తిరిగి ఆన్ చేస్తుంది. బొమ్మను మెరుగుపరిచే ప్రతి సౌకర్యానికీ, కొన్నవారి చేతికందే చోట, అప్‌డేట్ తర్వాత కూడా చెదరని ఆఫ్ మీట ఉండాలి. ఇది నిపుణుల గొంతెమ్మ కోరిక కాదు, సొంత డబ్బుతో కొన్న వస్తువు మీద కనీస హక్కు.

సందేహం: కేబుల్ గొడవ లేకుండా, ఫోన్‌ను వైఫై కెమెరాగా మార్చే ఉచిత యాప్‌తో బొమ్మను ల్యాప్‌టాప్‌కు పంపుతున్నాను. ప్రదర్శనల్లోనూ అక్కడి వైఫైతో ఇదే వాడవచ్చా?

జవాబు: వాడకండి. ఇలాంటి యాప్‌లలో చాలా వాటి పని తీరు ఏమిటంటే, అవి మీ ఫోన్‌లో ఒక చిన్న సర్వర్‌ను తెరిచి, అడిగినవారికల్లా కెమెరా దృశ్యాన్ని పంపుతాయి. పాస్‌వర్డ్ పెట్టకపోతే, అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఆ సర్వర్ చిరునామాను బ్రౌజర్‌లో టైపు చేసి మీ కెమెరా చూసేదంతా చూడగలరు. పాస్‌వర్డ్ పెట్టినా ప్రసారం ఎన్‌క్రిప్ట్ కాకపోతే, నెట్‌వర్క్‌ను గమనించేవారికి ఆ పాస్‌వర్డ్ కూడా దొరుకుతుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ప్రదర్శన ముగిశాక జరిగేది: ఫోన్ జేబులోకి, అక్కడి నుంచి పడకగదిలోకి వెళ్తుంది, యాప్ మాత్రం వెనుక నడుస్తూనే ఉండవచ్చు. రౌటర్‌లో పోర్టులను తానే తెరిచే సౌకర్యం ఆన్‌లో ఉండి, యాప్ దాన్ని వాడుకుంటే, ఆ దృశ్యం ఇంటర్నెట్‌కే చేరగలదు. పాస్‌వర్డ్ పెట్టడానికి బద్ధకించామని నాకు రాసినవారూ ఉన్నారు. కెమెరా విషయంలో ఆ బద్ధకాన్ని నేను సమర్థించలేను.

కేబుల్, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు వాడండి. ఆలస్యం తగ్గి ఫీడ్‌బ్యాక్ కూడా చురుగ్గా ఉంటుంది. వైఫై తప్పనిసరైతే ఇంటర్నెట్‌కు కలపని విడి రౌటర్‌ను తెచ్చుకుని, పని కాగానే యాప్‌కు కెమెరా అనుమతిని రద్దు చేయండి. ప్రదర్శనకు మీ రోజువారీ ఫోన్‌ను కూడా వాడవద్దు, దాని తెర మీదికి వచ్చే సందేశాలూ బొమ్మతో పాటు పెద్ద తెరకు చేరవచ్చు. మామూలు తెర మీద ఒక్క క్షణం మెరిసి పోయే ఓటీపీ సందేశం, ఫీడ్‌బ్యాక్ వలయంలో చిక్కితే వరుస ప్రతిబింబాలుగా మారి మరికొంతసేపు నిలుస్తుంది, రికార్డింగ్‌లోకీ ఎక్కుతుంది.

సందేహం: ధ్వనులను కలిపే మిక్సర్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి వచ్చే ధ్వనిని ల్యాప్‌టాప్ మైకుతో రికార్డు చేస్తుంటే మధ్యలో తెగిపోతోంది. ఈ ధ్వనినీ బొమ్మనూ ముడివేయడం ఎలా?

జవాబు: తెగడానికి కారణం చాలావరకు మైకు వెనుక పనిచేసే నాయిస్ సప్రెషన్ (అనవసర చప్పుడును తొలగించే సాఫ్ట్‌వేర్). ఎడతెగని స్వరాన్ని అది ఫ్యాను చప్పుడుగా భావించి తుడిచేస్తుంది. మైకును వదిలి, ధ్వనిని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ పరికరపు లైన్ ఇన్‌పుట్‌లోకి నేరుగా పంపండి. తోషిమారు నకమురా వంటి కళాకారులు ఏ వాద్యాన్నీ కలపని మిక్సర్‌నే వాద్యంగా వాయించి చూపారు. మీరు చేస్తున్నది అదే. అయితే ఈ ధ్వని నాబ్ కొద్దిగా తిరిగితేనే చెవులు చిల్లులు పడే కూతగా మారగలదు. కాబట్టి ఫేడర్లను (ధ్వని స్థాయి మీటలను) సున్నా నుంచి మొదలుపెట్టండి, చివర ధ్వని హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉంచండి, హెడ్‌ఫోన్లు పెట్టుకోకండి.

ముడివేయడానికి మిల్లర్ పకెట్ రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యూర్ డేటా, బొమ్మల కోసం దాని జెమ్ అనుబంధం చాలు. బొమ్మ సగటు ప్రకాశాన్ని కొలిచి, ధ్వని రంగును మార్చే ఫిల్టర్ ఫ్రీక్వెన్సీకి ఇవ్వండి, ధ్వని తీవ్రతను బొమ్మ తిరిగే కోణానికి ఇవ్వండి. అప్పుడు చూపూ శబ్దమూ ఒకే వలయంలో పడతాయి. 1970ల్లో వీడియో కళాకారులు స్టైనా, వూడీ వసుల్కా దంపతులు ధ్వనినీ చిత్రాన్నీ ఒకే విద్యుత్ సంకేతానికి రెండు రూపాలుగా చూస్తూ పనిచేశారు. పాత పరికరాలుంటే పాల్ కాంపోజిట్ వీడియోను (పాత టీవీలకు బొమ్మనంతా ఒకే తీగలో పంపే సంకేతాన్ని) ఆడియో ఇన్‌పుట్‌లోకి పంపి చూడండి, 50 హెర్ట్జ్ జుమ్మనే మోత బొమ్మతో పాటే మారుతూ వినిపిస్తుంది.

ధ్వని తీవ్రతను మాత్రం నేరుగా ప్రకాశానికి ఇవ్వకండి, తెర వేగంగా మెరుస్తూ ఆరుతుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్‌లోని ఎరుపు నీలం మెరుపుల వల్ల మూర్ఛ వంటి లక్షణాలతో వందలాది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వెబ్ ప్రమాణాలు సెకనుకు మూడు మెరుపులను హద్దుగా పెట్టాయి. ప్యూర్ డేటాలో ప్రకాశపు విలువను, మార్పును నెమ్మదిగా జరిపే లైన్ ఆబ్జెక్ట్ గుండా కనీసం 500 మిల్లీసెకన్ల పాటు సాగదీసి పంపండి, మెరుపుల హెచ్చరికను ప్రేక్షకులు లోపలికి రాకముందే తలుపు దగ్గర పెట్టండి.