స్నేహితులతో కలిసి ప్రయోగాత్మక సంగీతం జీవితాంతం సాగించగలమా? మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: కాలేజీ రోజుల నుంచి నలుగురు కలిసి రాగం, తాళం అని పెట్టుకోకుండా శబ్దాలతో సంగీతం చేస్తున్నారు, ఇప్పుడు ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఒకతను ఊరు మారాడు, వినేవాళ్ళు పదిమంది కూడా లేరు, ఇది జీవితాంతం సాగే పనేనా అని. సాగుతుంది. చెన్నైలో మేం నలుగురు తెలుగువాళ్ళం 2007 జనవరి నుంచి చేస్తున్నాం, ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

మాకు ఉపయోగపడిన పని ఒక్కటే చెబుతా. రోజూ ప్రాక్టీసు చేద్దాం, ఆల్బం తెద్దాం అని పెట్టుకుంటే ఉద్యోగాలొచ్చాక అది నిలవదు. ఏళ్ళు గడిస్తే తప్ప తయారవని ఒక పని పెట్టుకోండి. మాది ఇలా మొదలైంది. అప్పట్లో వేళచ్చేరిలో కింది అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఒక ఆదివారం మైకు పెట్టి ఆడాసిటీలో (కంప్యూటర్లో శబ్దం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) నాలుగు నిమిషాలు రికార్డు చేశాం. అందులో మాలో ఒకడు, కావలి ఊరి స్నేహితుడు "ఒరేయ్ టీ చల్లారిపోతోంది, రండి" అని పిలిచిన పిలుపు కూడా పడింది. మరుసటి ఏడాది అదే గదిలో దాన్ని స్పీకర్లో పెట్టి, ఒక్కొక్కరం ఒక్క శబ్దం మాత్రమే కలుపుతూ మళ్ళీ రికార్డు చేశాం. ఆ తర్వాతి ఏడాది దాని మీద ఇంకోసారి. సంక్రాంతి తర్వాత వచ్చే రెండో ఆదివారం, అంతే. ఫోన్లు, బతిమాలుకోవడాలు ఉండవు, ఆ రోజని అందరికీ తెలుసు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. అమెరికన్ సంగీతకారుడు ఆల్విన్ లూసియే 1969లో తన మాటలను ఒక గదిలో వినిపించి రికార్డు చేసి, ఆ రికార్డును మళ్ళీ అదే గదిలో వినిపించి, అలా మాటలు కరిగిపోయేదాకా చేశాడు. ప్రతి గదికీ దాని కొలతను బట్టి కొన్ని స్వరాలంటే ఇష్టం, పదడుగుల గది 56 హెర్ట్జ్ దగ్గరా దాని గుణిజాల దగ్గరా ఎక్కువ మోగుతుంది. మళ్ళీ మళ్ళీ వినిపిస్తే ఆ స్వరాలే పెరుగుతాయి, మిగతావి అణిగిపోతాయి. ఆయన ఒక్క గదిలో చేసింది మేం ఏడాదికొక్కసారి, ఇళ్ళు మారుతూ చేస్తున్నాం. ఆరో ఏడాది దాకా "చల్లారిపోతోంది" అన్న మాట వినబడేది. తర్వాత మాట పోయి దాని ఊపు మాత్రం మిగిలింది. ఇప్పుడది తంబురా శ్రుతి లాంటి ఒక హోరు, మధ్యలో ఒక చోట కొంచెం పైకి లేస్తుంది, "రండి" అన్నది అక్కడే అని మాకు నలుగురికే తెలుసు.

వినేవాళ్ళు లేరన్నారు కదా. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) స్టూడియో ఏర్పాటు చేశాడు, గీతా సారాభాయ్ లాంటి మనవాళ్ళు దాని మీద సంగీతం చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయాయి, రికార్డుగా జనంలోకి వచ్చింది 2023లో. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎవరో ఆ టేపులు పారేయకుండా ఉంచారు కాబట్టే మనకు అందాయి. అందుకే బాగున్నా బాగోకపోయినా ప్రతి రికార్డింగూ తేదీ వేసి దాచండి, రెండు ఊళ్ళలో దాచండి.

ఇది మాకు దెబ్బ తగిలాక తెలిసింది. 2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరి ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. హార్డ్ డిస్కు పోయింది, అందులో మొదటి మూడేళ్ళలో మేం విడిగా చేసిన సెషన్లన్నీ ఉన్నాయి, వాటికి ఇంకెక్కడా కాపీ లేదు. ఏటా చేసే ఆ నాలుగు నిమిషాలు మాత్రం కావలి స్నేహితుడి దగ్గర సీడీలో ఉండబట్టి బతికింది. మాలో వయొలిన్ నేర్చుకున్న స్నేహితురాలికి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన పనస చెక్క తంబురా రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. పైపలక లేచిపోయింది, జిగురు వదిలేసింది. తను ఏడవలేదు, దాన్ని మేడ మీద నీడలో ఆరబెట్టింది. సాయంత్రం పక్కన కూర్చుంటే ఎక్కడో చిన్నగా టిక్ అని వినిపించింది, కాసేపటికి ఇంకోటి. ఆరుతున్న చెక్క అది. వెంటనే పీజో డిస్కు (అంటించిన వస్తువు అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న బిళ్ళ) ఒకటి టేపుతో దాని కడుపుకి అంటించి రాత్రంతా రికార్డు చేశాం. చెవికి సన్నగా వినిపించింది డిస్కులోంచి గొళ్ళెం పడ్డంత గట్టిగా వినిపించింది, ఒక్కోసారి పొడుగ్గా మూలిగినట్టు. ఆ జనవరిలో మేం కలిపింది ఆ శబ్దాలే. ఇన్నేళ్ళలో మేం చేసినవాటిలో నాకు అన్నిటికంటే ప్రాణమైనది అదే.

గొడవలు కూడా వస్తాయి, దాచడం ఎందుకు. మాలో మృదంగం వాయించేవాడు ఏటా చేసే ఈ రికార్డింగుని మార్గళి సీజన్‌లో (డిసెంబరులో చెన్నైలో జరిగే కచేరీల సీజన్) ఏదైనా చిన్న హాల్లో టికెట్ పెట్టి వినిపిద్దాం అన్నాడు, నేను వద్దన్నాను, మాటా మాటా పెరిగి ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. అయినా ఆ ఆదివారం వాడు వచ్చాడు, ఎవరితోనూ మాట్లాడకుండా కంజీర ఒక్క దెబ్బ కొట్టి, టీ తాగి వెళ్ళాడు. మరుసటి ఏడాదికి మామూలైపోయింది. టికెట్ పెట్టడం తప్పని ఇప్పుడు నేనూ అనను. కానీ డబ్బు, పేరు ఎవరిదన్నది ముందే తేల్చుకోండి, మేం తేల్చుకోలేదు. లండన్‌లో ఏఎంఎం అనే బృందం 1965లో మొదలై యాభై ఏళ్ళకు పైగా సాగింది, రిహార్సల్ లేకుండా అప్పటికప్పుడు వాయించడమే వాళ్ళ పద్ధతి, వాళ్ళలోనూ విడిపోయినవాళ్ళున్నారు, మళ్ళీ కలిసినవాళ్ళున్నారు. ఒకతను అలిగాడని ఆపేయకండి.

ఊరు మారినతని గురించి బెంగ వద్దు. మావాడు ఇప్పుడు కావలిలోనే ఉంటాడు, రైల్లో ముందు రోజే వచ్చేస్తాడు. 2022 జనవరిలో తమిళనాడులో ఆదివారాలు పూర్తి లాక్‌డౌన్ పెట్టారు, సరిగ్గా మా రోజు కూడా అందులో పడింది. ఆ ఏడు ఫోన్ స్పీకర్లోనే కలిశాడు, ఫోన్‌లో తెగిపోయిన మాటలు కూడా అలాగే ఉంచేశాం.

ఖర్చుకి భయపడకండి. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో పీజో డిస్కులు చిల్లర డబ్బులకే దొరుకుతాయి, షీల్డ్ ఉన్న వైరు, జాక్ కొనుక్కుని మీరే సోల్డర్ చేసుకోవచ్చు. నేరుగా కంప్యూటర్ లైన్-ఇన్‌లో (శబ్దం లోపలికి తీసుకునే రంధ్రం) పెడితే మాత్రం కింది స్వరాలు పోయి రేకు చప్పుడులా వస్తుంది, రెండిటి ఇంపీడెన్స్ (కరెంటు సిగ్నల్‌కి ఉండే అడ్డు) కుదరక. చిన్న ప్రీఆంప్ (సిగ్నల్‌ని సరిచేసి పెంచే పెట్టె) మధ్యలో పెట్టండి. డిస్కుని ఇత్తడి గిన్నెకి అంటించి నీళ్ళు పోస్తూ వినండి, కిటికీ ఊచకి అంటించి వర్షం వినండి. ఆదివారం రిచీ స్ట్రీట్‌లో షాపులు చాలావరకు మూసేస్తారు, శనివారం వెళ్ళండి. సోల్డరింగ్ దగ్గర ఇబ్బందైతే కింద రాయండి, ఏ తీగ ఎక్కడ అతకాలో ఫోటో పెడతాను.