పాఠకుల సందేహాలు: ఇక్కడి ఉద్యోగం, అక్కడి నివాసం

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం నెలకు మూడు లక్షల డెబ్బై వేలు. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉంది. ఇదే ఉద్యోగం చేసుకుంటూ ఒక ఏడాది పోర్చుగల్‌లోనో స్పెయిన్‌లోనో ఉండాలని కోరిక. మా మేనేజరు "పని ఆగకపోతే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. డిజిటల్ నోమాడ్ వీసాకు నేను అర్హురాలినేనా? టూరిస్ట్ వీసాతో వెళ్లి పనిచేసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: రెండో ప్రశ్నతోనే మొదలుపెడదాం. పోర్చుగల్, స్పెయిన్‌తో సహా ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా దేశాలకు, అంటే షెంగెన్ దేశాలకు ఇచ్చే స్వల్పకాలిక వీసాతో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండటానికి వీలు లేదు కనుక, మీరు కోరుకునే ఏడాది నివాసం ఆ దారిలో సాధ్యం కాదు. పైగా అది పర్యటన నిమిత్తం ఇచ్చే వీసా. హోటల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిచినంత మాత్రాన ఎవరూ వచ్చి పట్టుకోరన్న మాట నిజమే కానీ, విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు "ఉద్యోగం చేసుకోవడానికి వచ్చాను" అని చెప్పలేని స్థితిలో దేశంలోకి అడుగుపెట్టడం మంచిది కాదు.

ఇక డిజిటల్ నోమాడ్ వీసా, అంటే వేరే దేశపు సంస్థకు పనిచేస్తూ తమ దేశంలో ఉండనిచ్చే వీసా. పోర్చుగల్ 2022 అక్టోబరు చివరి నుంచి ఇస్తున్న దీన్ని డీ8 అంటారు. గడచిన మూడు నెలల సగటు ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలన్నది ప్రధాన నిబంధన. 2025లో కనీస వేతనం 870 యూరోలు కనుక 3,480 యూరోలు, అంటే మన లెక్కలో సుమారు మూడున్నర లక్షలు చూపవలసి వచ్చింది. కనీస వేతనం మారినప్పుడల్లా ఈ మొత్తమూ మారుతుంది కాబట్టి దరఖాస్తు చేసే నాటి అంకెనే చూసుకోండి. స్పెయిన్ 2022 నాటి 28వ చట్టం ద్వారా తెచ్చిన వీసాకు తమ కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చాలంటుంది. అంకె చిన్నదిగా కనిపించడంతో చాలామంది అటే మొగ్గుతారు. అయితే చిక్కు ఆదాయం దగ్గర కాదు, సామాజిక భద్రత (మన భవిష్య నిధి, పింఛను వంటి పథకాలు) దగ్గర ఉంది. పరదేశపు సంస్థలో ఉద్యోగం చేస్తూ స్పెయిన్‌లో ఉండేవారికి స్వదేశపు పథకం వర్తిస్తుందని తెలిపే పత్రమైనా ఉండాలి, లేదా ఆ సంస్థ స్పెయిన్ సామాజిక భద్రతా వ్యవస్థలో నమోదైనా కావాలి. మన దేశానికి స్పెయిన్‌తో సామాజిక భద్రతా ఒప్పందం అమలులో లేదు. ఒక్క ఉద్యోగి కోసం మాడ్రిడ్‌లో నమోదు చేయించుకునే హైదరాబాద్ సంస్థ ఉంటుందని నేను అనుకోను. పోర్చుగల్‌తో అటువంటి ఒప్పందం 2017 మే నుంచి అమలులో ఉంది. మన భవిష్య నిధి సంస్థ ఇచ్చే కవరేజీ పత్రానికి యాజమాన్యం ద్వారానే వెళ్లవలసి ఉన్నప్పటికీ, కనీసం దారంటూ ఒకటి ఉంది. మీ విషయంలో నా ఓటు పోర్చుగల్‌కే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ అర్హతను తేల్చేది జీతం కాదు, మీ సంస్థ ఇచ్చే ఉత్తరం. మేనేజరు నోటి మాటకు వీసా కార్యాలయంలో విలువ లేదు, మీ సంస్థలో కూడా ఉండకపోవచ్చు. టూరిస్ట్ వీసాల కోసం హెచ్‌ఆర్ విభాగాలు ఒక ఉత్తరం సిద్ధంగా ఉంచుకుంటాయి: ఫలానా ఉద్యోగికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు మంజూరైంది, తిరిగి వచ్చి విధుల్లో చేరతారు అని అందులో ఉంటుంది. డీ8 దరఖాస్తుకు ఆ ఉత్తరం జతచేస్తే మీ కాగితాలే మీకు అడ్డు తగులుతాయి. మీకు కావలసింది మీరు సెలవులో కాక ఉద్యోగంలోనే ఉంటారని, పోర్చుగల్ నుంచి పనిచేయడానికి సంస్థ అనుమతించిందని, జీతం యథాతథంగా చెల్లిస్తుందని, ఎంతకాలమో, హోదా ఏమిటో స్పష్టంగా రాసిన ఉత్తరం.

అది ఇవ్వడానికి సంస్థలు వెనకాడటానికి కారణాలు ఉన్నాయి, అవన్నీ మొండితనం కాదు. ఉద్యోగి ఒక దేశంలో ఎక్కువకాలం ఉండి పనిచేస్తే, ఆ సంస్థకు అక్కడ స్థిర కార్యాలయం ఉన్నట్టేనని ఆ దేశపు పన్నుల శాఖ వాదించవచ్చు. క్లయింట్లతో చేసుకున్న ఒప్పందాలలో ఫలానా నగరంలోని ఓడీసీ (ఆ క్లయింటు పనికే కేటాయించిన కార్యాలయం) నుంచే పని జరగాలని, డేటా ఆ దేశం దాటరాదని షరతులు ఉంటాయి. అటువంటి ప్రాజెక్టులో ఉంటే విదేశం నుంచి లాగిన్ అయిన వెంటనే కంపెనీ ల్యాప్‌టాప్ లాక్ అయిపోవచ్చు. వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మనం ఉన్న చోటును దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని హైదరాబాద్‌లోనే ఉన్నట్టు చూపించవచ్చని సలహా ఇచ్చేవారు మీ చుట్టూ తప్పక ఉంటారు. అది పదకొండేళ్ల ఉద్యోగాన్ని పణంగా పెట్టడమే. ముందు హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగా అడగండి. వారు కాదంటే మిగిలిన కాగితాల మీద ఖర్చు పెట్టకండి.

ఔనంటే మిగతా పని ఓపికకు సంబంధించినది. పాస్‌పోర్ట్ సేవా ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకుని విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించుకోవాలి. నివాసానికి రుజువు, బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు జతచేయాలి. పే స్లిప్పులోని నికర జీతమూ బ్యాంకులో జమ అయిన మొత్తమూ రూపాయి తేడా లేకుండా సరిపోలాలి. రీయింబర్స్‌మెంట్లు విడిగా జమ అవుతుంటే వాటికి వివరణ రాసి పెట్టండి.

పన్ను గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. మన ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉన్నవారు ఆ ఏడాదికి ఇక్కడి నివాసులే. అక్టోబరు మధ్యలో బయలుదేరితే, ఏప్రిల్ నుంచి అప్పటికే ఆ రోజులు దాటి ఉంటాయి. మరోవైపు పోర్చుగల్‌లో 183 రోజులు దాటితే అక్కడ కూడా పన్ను నివాసి అవుతారు. ఎన్‌ఆర్‌ఐ అయినా ఇక్కడి ఖాతాలో పడే జీతం మన పన్ను పరిధిలోకే వస్తుంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది కానీ, దాని కింద ఉపశమనం కోరడానికి పన్ను నివాస ధ్రువపత్రం కావాలి. కొత్తగా వచ్చేవారికి పోర్చుగల్ ఇచ్చిన పాత పన్ను రాయితీ పథకాన్ని 2024 నుంచి కొత్తవారికి మూసివేశారు. ఇంకా దాన్నే వర్ణిస్తున్న వీడియోలను నమ్మకండి. బయలుదేరే తేదీని నిర్ణయించుకునే ముందే ఒక సీఏను కలవండి.

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటూ అమెరికా క్లయింట్లకు యానిమేషన్ పనులు చేసే ఫ్రీలాన్సర్‌ని. నెలకు సగటున తొంభై వేలు వస్తాయి. నాకు ఈ వీసా ఏ దేశమైనా ఇస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఐరోపాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఎస్టోనియా నెలకు 4,500 యూరోలు అడుగుతుంది. జపాన్ 2024లో తెచ్చిన ఆరు నెలల వీసా భారతీయులకు వర్తించదు. దుబాయ్ నెలకు 3,500 డాలర్లు చూపమంటుంది. మలేసియా డీఈ రంతావ్ పాసుకు డిజిటల్ రంగంలోని వారికి ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చాలు కానీ, మీ ఆదాయం దానిలో సుమారు సగమే.

మీకు అందుబాటులో ఉన్నది థాయ్‌లాండ్ 2024 జులైలో ప్రవేశపెట్టిన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా). అది నెలసరి ఆదాయానికి పరిమితి పెట్టకుండా, ఐదు లక్షల బాత్‌ల నిల్వ చూపమంటుంది. అది మన సొమ్ములో సుమారు పదమూడు, పద్నాలుగు లక్షలు. వీసా ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండనిస్తారు. ఆ నిల్వను మీ పేరిట ఉన్న ఖాతాలో చూపడమే క్షేమం. దరఖాస్తుకు ముందు రోజు నాన్నగారి ఖాతా నుంచి వచ్చి పడిన మొత్తం ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. క్లయింట్లతో ఒప్పందాలు, ఇన్‌వాయిస్‌లు, వాటికి సరిపోయే బ్యాంకు జమలు, మీ పనుల పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకోండి. వాట్సాప్ సందేశాల మీదే పనులు నడుస్తున్నట్టయితే, ఇప్పటినుంచైనా ప్రతి క్లయింటుతో ఒక పేజీ ఒప్పందం రాయించుకోండి. థాయ్ సంస్థల పని మాత్రం ఒప్పుకోకూడదు. ఒక క్యాలెండర్ ఏడాదిలో అక్కడ 180 రోజులు ఉంటే, ఆ దేశంలోకి తెచ్చుకున్న ఆదాయంపై పన్ను వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తిచేశాడు, ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారు మూడు లక్షలు కడితే థాయ్‌లాండ్ డిజిటల్ నోమాడ్ వీసా, దానితో పాటు అక్కడే డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. డబ్బు ఇంకా కట్టలేదు. నమ్మవచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నమ్మవద్దండీ. ఈ వీసా అప్పటికే వేరే దేశంలో పని, ఆదాయం ఉన్నవారి కోసం ఏర్పడింది. దానితో థాయ్‌లాండ్‌లో ఉద్యోగం చేయడం ఆ వీసా నిబంధనకే విరుద్ధం. అందువల్ల ఆ రెండింటినీ కలిపి అమ్ముతున్నవారు ఒక్క మాటలోనే తమ మోసాన్ని బయటపెట్టుకున్నట్టు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతపు సైబర్ మోసాల శిబిరాలకు యువకులను అప్పగించిన ఉదంతాలు ఉన్నాయి. 2025 మార్చిలో అటువంటి శిబిరాల నుంచి బయటపడిన భారతీయులను థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాలలో తీసుకువచ్చారు. వారిలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి. ఆ జాబితా విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటుంది. కన్సల్టెన్సీ వారిని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, అందులో మీరే సరిచూడండి. అబ్బాయి పాస్‌పోర్టు వారి దగ్గర ఉంచి ఉంటే వెంటనే వెనక్కి తీసుకోండి. ఇవ్వకుండా తిప్పుతుంటే ఆలస్యం చేయకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి.