మోడల్ రన్ చేసే ముందు: పీహెచ్‌డీలో చేరిన శ్రావణికి

చి. శ్రావణికి, మీ పెదనాన్న ఆశీస్సులు.

వాతావరణ శాస్త్రంలో సీటు వచ్చిందని నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రుతుపవనాల వానల మీద పనిచేస్తావట. చాలా సంతోషం తల్లీ. ఈ రంగంలోనే తల నెరిసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

కోర్సువర్క్ గురించి పెద్దగా చెప్పను. డైనమిక్స్, థర్మోడైనమిక్స్ మొదటి ఏడాదే గట్టిగా చదివెయ్యి, తర్వాత తీరిక దొరకదు.

నేను అసలు చెప్పాలనుకున్నది డేటా గురించి. ఇప్పుడు చేరినవాళ్లంతా మొదటి వారంలోనే ఈఆర్ఏ5 (పరిశీలనల్నీ కంప్యూటర్ మోడల్‌నీ కలిపి యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసిన డేటా) దింపుకుని, పైథాన్‌లో మ్యాపులు గీసేస్తున్నారు. 1940 నుంచి గంట గంటకూ దొరికే డేటా అది, వాడుకోవాల్సిందే. కానీ మన దేశం మీద అందులో కనిపించే వాన ఏ గేజీలోనూ (వాన కొలిచే పాత్ర) కొలిచినది కాదు, మోడల్ లెక్కకట్టినది. కొలిచిన వాన కావాలంటే భారత వాతావరణ శాఖ (ఐఎండీ) వారి గ్రిడ్ డేటా ఉంది, గేజీల కొలతల్ని దేశపటం మీద గళ్లుగా పరిచినది, 1901 నుంచి. దానికీ ఒక పద్ధతుంది. ఐఎండీ వాన లెక్కలో ఒక రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది, అంతకుముందు 24 గంటల్లో పడిన వానంతా ఆ తేదీ కిందే రాస్తారు.

హుద్‌హుద్ తుఫాను తీసుకో. 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నానికి విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నం కురిసిన వాన ఐఎండీ లెక్కలో 13వ తేదీ కింద ఉంటుంది. ఈఆర్ఏ5ను యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీల ప్రకారం కూడితే అదే వాన 12 కింద చేరుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, మోడల్ ఒకరోజు ముందే వాన కురిపించిందని రాస్తే ఏమవుతుందో ఆలోచించు. గంటల డేటాను 8:30 నుంచి 8:30కి కూడుకుంటే ఈ చిక్కే ఉండదు. ఇంకొకటి, గేజీల సంఖ్య అన్నేళ్లూ ఒకేలా లేదు. నీ జిల్లాలో భారీ వానలు పెరిగాయని ట్రెండ్ వచ్చిందా, ముందు అక్కడ ఏ ఏడాది ఎన్ని గేజీలు పనిచేశాయో చూడు.

రెండు విషయాల మధ్య కోరిలేషన్ (ఒకటి మారితే రెండోదీ మారే సంబంధం) వచ్చిందని కూడా అక్కడితో ఆగిపోకు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వస్తే మన వానలు తగ్గుతాయన్నది మామూలుగా చెప్పే సూత్రం. కానీ 1997లో అంత పెద్ద ఎల్ నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే కురిశాయి. 2002లో అంతకంటే బలహీనమైన ఎల్ నినోకే 19 శాతం లోటు పడింది. ఇలా ఎందుకైందని అడిగిన రుతుపవనాల శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ గారి లాంటివాళ్లు హిందూ మహాసముద్రం వైపు చూశారు. భూమధ్యరేఖ దగ్గర మేఘాలు పడమటి వైపు పేరుకున్నాయా, తూర్పు వైపా అన్నది కూడా మన వానల్ని మారుస్తుందని చూపించారు. సూత్రానికి లొంగని సంవత్సరాలు కనిపిస్తే పక్కకు నెట్టెయ్యకు, థీసిస్‌కు సరుకు అక్కడే ఉంటుంది.

గైడ్‌తో వారానికోసారి కూర్చో. పాతిక స్లైడ్లు వద్దు, ఒక్క ప్లాట్ తీసుకెళ్లి దాని గురించే మాట్లాడు. రిజల్ట్ తప్పొచ్చిందని తెలిస్తే ఆ రోజే చెప్పెయ్యి, దాచిపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి ఆగడం చాలాచోట్ల మామూలే. చేతిలో మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ఉంచుకో, చాలకపోతే మొహమాటపడకుండా నన్నడుగు.

ఈ ఏడాదిలోనే ఒకసారి తిరుపతి దగ్గర గాదంకి వెళ్లిరా. పై గాలుల్ని కొలిచే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉందక్కడ, ఎకరాల కొద్దీ పరుచుకున్న యాంటెనాలతో. రేడియోసాండ్ బెలూన్ ఎగరెయ్యడం కూడా దగ్గరుండి చూడు. చేతిలో పట్టేంత పెట్టె, అందులో ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లు. మేఘంలోంచి తడిసి బయటికొచ్చిన సెన్సర్ చెప్పే తేమ అంకెను ఎంతవరకు నమ్మాలో అక్కడివాళ్లనే అడుగు, ఓపిగ్గా చెబుతారు. వెళ్లాలంటే ముందు మీ గైడ్ చేత లెటర్ పెట్టించాలి. పర్మిషన్‌కు టైం పట్టొచ్చు, ఈ వారంలోనే ఆయన్ని అడుగు.

మీ పెదనాన్న