పాత స్విఫ్ట్‌ను కిందికి దించాలంటే ముందు షాకర్లు, తర్వాతే స్ప్రింగులు

జయపురంలో 2009 పెట్రోల్ స్విఫ్ట్ నడుపుతున్నానని, కోరాపుట్ ఘాట్ మలుపుల్లో బండి బాగా ఒరుగుతోందని, బండి ఎత్తును 50 మి.మీ. దించే స్పోర్ట్స్ స్ప్రింగులు వేయిస్తే సరిపోతుందా అని అడిగారు. నాది రాయగడ. నా దగ్గర ఉన్నది 2008 వీఎక్స్ఐ, 1.3 పెట్రోల్. 30 మి.మీ. దించి నడుపుతున్నాను. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వెళ్లినా అందులోనే. కాబట్టి అసలు వేయించొద్దని చెప్పే నైతిక హక్కు నాకు లేదు. కానీ 50 మాత్రం వద్దు. 30 కూడా ఇప్పుడే వద్దు.

మీ బండి వయసు చూడండి. ఇన్నేళ్లలో షాకర్లు (షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగు ఊపును ఆపేవి) మార్చారా? మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. మలుపులో బండి చివరికి ఎంత ఒరగాలో తేల్చేవి స్ప్రింగులు, ఎడమ కుడి చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్. ఎంత వేగంగా ఒరగాలో, ఒరిగాక ఎన్నిసార్లు ఊగాలో తేల్చేది షాకర్. షాకర్ పోయిన బండి స్టీరింగ్ తిప్పగానే ఒక్కసారిగా పడినట్టు ఒరుగుతుంది. మనకేమో స్ప్రింగు మెత్తగా ఉందనిపిస్తుంది. నేను ముందు కంపెనీ షాకర్లు నాలుగూ, ముందు షాకర్ల పైన ఉండే స్ట్రట్ మౌంట్లు, స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్డులు, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు కొత్తవి వేయించాను. దించాలన్న సరదా అక్కడికే సగం తీరిపోయింది. మీరూ ఆ పని చేయించి, కొన్నాళ్లు ఘాట్‌లో నడిపి, అప్పటికీ చాలదనిపిస్తే స్ప్రింగుల సంగతి చూడండి. బానెట్ మూల నొక్కి వదిలి "షాకర్లు బాగానే ఉన్నాయి" అనే మెకానిక్ మాట నమ్మకండి. ఆ పరీక్షలో పూర్తిగా చచ్చిపోయిన షాకరే దొరుకుతుంది, సగం పోయినది దొరకదు.

ఇక 50 ఎందుకు వద్దంటే, బండి ఎంత కిందికి దిగితే అంత అతుక్కుని నడుస్తుందన్నది పూర్తి నిజం కాదు. స్విఫ్ట్ ముందు భాగంలో ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే షాకరూ స్ప్రింగూ ఒకే నిలువు కడ్డీగా ఉండే అమరిక. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. కొద్దిగా దించితే అది అడ్డంగా సమమవుతుంది. ఇంకా దించితే చక్రం వైపు కొస పైకి లేస్తుంది. ఇలా దించేకొద్దీ లెక్క తిరగబడుతుంది: బండి బరువు కేంద్రం దిగినదాని కంటే, బండి దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు ఎక్కువ కిందికి పోతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలమూ పెరుగుతుంది. గట్టి స్ప్రింగు దాన్ని పైకి కనిపించనివ్వదు, అంతే. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారుతుంది కాబట్టి, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ దానంతట అదే ఒక పక్కకు లాగుతుంది.

దానికి తోడు చక్రం పైకి కదలడానికి చోటు తగ్గిపోతుంది. బయటి వైపు స్ట్రట్ బంప్ స్టాపర్ (చివర తగిలే రబ్బరు దిమ్మ) మీద కూర్చున్నాక ఆ మూల స్ప్రింగు లేనట్టే. మలుపు మధ్యలో అలా జరిగితే ముందు టైరు పట్టు హఠాత్తుగా వదిలి బండి నేరుగా లోయ వైపు నడుస్తుంది. సుంకి ఘాట్‌లో లోడు లారీ ఎదురొచ్చే మలుపులో ఈ ప్రయోగం ఎవరికీ అక్కర్లేదు.

కంపెనీ షాకర్ల మీద 30 దాకా దించే స్ప్రింగులు నడుస్తాయి, షాకర్లు కొత్తవైతేనే. అంతకు మించితే దించిన బండికని ప్రత్యేకంగా చేసిన పొట్టి షాకర్లు కావాలి. స్ప్రింగులు కొనేటప్పుడు పెట్రోలా, డీజిలా అన్నది తప్పకుండా చెప్పండి. డీజిల్ బండికి ముందు బరువు ఎక్కువ కాబట్టి స్ప్రింగులు వేరు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే సెట్లు డీజిల్ బండివి కావచ్చు, చూసుకోండి.

స్ప్రింగు కోయించడం గురించి మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు కాబట్టి చెప్తున్నా. పనిచేసే చుట్లు ఐదున్న స్ప్రింగులో ఒకటి కోస్తే అది 25 శాతం గట్టిపడుతుంది, షాకర్ మాత్రం పాతదే. పొట్టిదైన స్ప్రింగు చక్రం గాలిలో వేలాడినప్పుడు సీటులోంచి వదులై, మళ్లీ దిగేటప్పుడు వంకరగా కూర్చోవచ్చు. గ్యాస్ మంటతో కాల్చి కూర్చోబెట్టడం ఇంకా ఘోరం, ఉక్కుకు ఉన్న పదునే పోతుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతే మన దగ్గర అసలు తలనొప్పి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. మన బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.39 మీటర్లు కాబట్టి, దాని మీద మధ్యకు వచ్చినప్పుడు బండి పొట్టకు అడ్డొచ్చేది నాలుగు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. 50 దించినా తగలదు. అయితే అలాంటిది మన ఊళ్లలో ఎక్కడుంది? ఇంటి ముందు ఎవరికి తోచినట్టు వాళ్లు సిమెంటుతో పోసిన సన్న గట్టు ఉంటుంది. దాని ఎత్తంతా నేరుగా పొట్టకిందికే వస్తుంది. నా బండిలో ఒక్కణ్ణే ఉంటే దాదాపు అన్నీ దాటుతాను. బొబ్బిలి నుంచి చుట్టాలొచ్చి మజ్జిగౌరమ్మ గుడికి ఐదుగురం బయల్దేరితే మాత్రం కొన్నిచోట్ల వెనకవాళ్లను దింపాల్సిందే. మా అత్తగారికి ఈ స్ప్రింగుల మీద గట్టి అభిప్రాయమే ఉంది, ఇక్కడ రాయను. ఆయిల్ ఛాంబర్ కింద గార్డు వేయించుకోండి. కానీ గార్డు మందం కూడా క్లియరెన్స్‌లోంచే పోతుందని గుర్తుంచుకోండి.

బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా తాడు కట్టి స్ట్రట్ విప్పే చోట చేయించొద్దు, ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ప్రమాదం. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే జరగాలి. నాకు వేసిన గ్యారేజీలో లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేశారు. రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండటంతో కొత్త బుష్‌లు తొందరగా చిరిగిపోయాయి. డబ్బులు మళ్లీ నావే. పని అయ్యాక అలైన్‌మెంట్ చేయించి, స్ప్రింగులు కాస్త సర్దుకున్నాక ఇంకోసారి చూపించండి. సరిచేయగలిగేది ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే, వెనక చక్రాలను కలిపే టార్షన్ బీమ్‌కు సర్దుబాటు ఉండదు. హెడ్‌లైట్ల ఫోకస్ కూడా చూసుకోండి.

ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు మన ఎర్రమట్టికి, ఇక్కడి వానలకు పనికిరావని నా అభిప్రాయం. ఎత్తు సర్దే మర బురద పట్టి బిగుసుకుపోతే ఆ సర్దుబాటు కాగితం మీదే మిగులుతుంది.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. 30 మి.మీ. తేడా రోడ్డు మీద ఎవరూ కొలవరు, చక్రాలు ఫెండర్లలోకి దూరిపోయిన బండిని మాత్రం ఆపుతారు. పైగా 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూవల్ ఐదేళ్లకోసారి, ఇన్‌స్పెక్షన్‌తో. అందుకని పాత స్ప్రింగులు తుక్కుకు వేయకుండా అటకమీద ఉంచండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపండి.

ముందుగా చక్రం పూర్తిగా ఒక పక్కకు తిప్పి టార్చి వేసి, ముందు షాకర్ల రాడ్డు దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూసి ఫొటో పెట్టండి. స్టీరింగ్ తిప్పేటప్పుడు పైన టక్ టక్ మంటుందా అన్నది కూడా రాయండి. మౌంట్లు కూడా తెప్పించాలో లేదో దాన్నిబట్టి చెప్తాను.