పంపు తగిలించే ముందు

చిన్నీ,

తూకం మిషన్‌నీ పంపునీ లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి, రాత్రంతా ఎవరూ లేకుండా దానంతట అదే నడిచేలా ప్రోగ్రామ్ రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. తనకి అర్థమైంది సగమే, అయినా చెబుతున్నంతసేపూ మురిసిపోతూనే ఉంది. నేనూ మురిసిపోయాను. కానీ ఆ ‘ఎవరూ లేకుండా’ అన్న ముక్క దగ్గర నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు. పరికరం పలకకపోతే కేబుల్ మార్చి చూడు, ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుళ్లు చాలా ఉంటాయి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే పరికరం కనబడాలి. దానికే -టీ తగిలిస్తే ఏ డ్రైవర్ పట్టుకుందో కూడా చెబుతుంది. ఒక టెర్మినల్‌లో సిస్టమ్ సందేశాలు చూపించే డీమెస్‌జీని -డబ్ల్యూ తో వదిలేసి, ప్లగ్ తీసి పెట్టి చూడు. ఎర్రర్ -71, -110 లాంటివి వస్తుంటే నీ కోడ్ జోలికి వెళ్లకు, అవి చాలావరకు కేబుల్, హబ్, కరెంటు చాలకపోవడం తాలూకు గొడవలు. నీ ప్రోగ్రామ్ కంటే ముందు పికోకామ్ అనే ప్రోగ్రామ్‌తో సీరియల్ పోర్టు తెరిచి, చేత్తో ఒక కమాండ్ టైప్ చేసి జవాబు రప్పించు. పిచ్చి అక్షరాలు వస్తే చాలావరకు బాడ్ రేటు, అంటే లైను వేగం, తప్పు. ఏమీ రాకపోతే లైను చివర ఏం పంపుతున్నావో చూడు. కొన్ని పరికరాలు క్యారేజ్ రిటర్న్ అనే లైను ముగింపు గుర్తు వచ్చేదాకా నోరు విప్పవు.

ఇక నీకు తిట్లు. "సుడో పెడితే పనిచేసింది" అన్నావట! పనిచేస్తుంది మరి, సుడో అంటే అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌గా నడపడమే, రూట్‌కి అడ్డేముంది? రేపు నీ ప్రోగ్రామ్‌లో ఒక ఫైల్ పాత్ తప్పుపడితే దాన్నీ ఎవరూ ఆపరు. పోర్టుని అందరికీ తెరిచిపెట్టే సీహెచ్‌మాడ్ 666 కూడా వద్దు, ప్లగ్ తీసి పెట్టగానే అది ఎగిరిపోతుంది. డెబియన్, ఉబుంటుల్లో సీరియల్ పోర్టులు డయలౌట్ గ్రూపువి, ఆర్చ్‌లో యూయూసీపీవి. యూజర్‌మాడ్ కమాండ్‌తో ఆ గ్రూపులో చేరు. అక్కడ -ఏజీ అని రాయాలి. ఆ ‘ఏ’ మర్చిపోయి ఉత్త -జీ రాశావంటే మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో గ్రూపుతో సహా. తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, లేకపోతే ఏమీ మారలేదని జుట్టు పీక్కుంటావు. నీ తూకం మిషన్ సీరియల్‌గా కాక హెచ్ఐడీగా, అంటే కీబోర్డు, మౌస్ తరహా పరికరంగా, కనబడితే మాత్రం గ్రూపు చాలదు, పరికరం తగిలించగానే దానికి అనుమతులు, పేరు ఇచ్చే యూడెవ్ రూల్ రాయాలి. అందులో లాగిన్ అయిన మనిషికి అనుమతి ఇచ్చే యూయాక్సెస్ ట్యాగ్ వాడితే ఫైల్ పేరు ముందు నంబర్ 73 కంటే తక్కువ ఉండాలి. 99 అని పెట్టి, ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

పోర్టు ఉండీ ‘బిజీ’ అంటే ఫ్యూజర్ కమాండ్ కొట్టి ఎవరు పట్టుకున్నారో చూడు. మోడెమ్‌మేనేజర్ అని ఒకటుంటుంది, కొత్త పోర్టు కనబడితే మోడెమేమోనని ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. పాపం దాని ఉద్యోగం అది. ఉబుంటు 22.04లో ఇంకో తమాషా. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే, సీహెచ్340 చిప్పు ఉన్న అడాప్టర్ పెడితే పోర్టు ఇలా వచ్చి అలా మాయమయ్యేది. డీమెస్‌జీలో బీఆర్ఎల్‌టీటీవై పేరు కనబడేది. అది బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉన్న ప్రోగ్రామ్. 1ఏ86:7523 అన్న ఆ చిప్పు ఐడీని చూసి తన డిస్‌ప్లే అనుకుని లాక్కునేది. నీకూ అదే జరిగితే, ఆ కంప్యూటర్ మీద బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లెవరూ లేరని కనుక్కున్నాకే దాన్ని తీసెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇదివరకు పనిచేసిన చోట అచ్చం నీలాంటి అమరికే ఉండేది, పాత్ర బరువు చూసే ఒక తూకం, దాన్ని నింపే ఒక పంపు, ఒకే రకం అడాప్టర్లు రెండు, ఒకే హబ్బు. ప్రోగ్రామ్ రాసింది నాకంటే బాగా సీనియర్. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, నాకు సగం పని నేర్పింది ఆయనే. కానీ ఆయన పెరిగింది పాత సీరియల్ పోర్టుల కాలంలో. అప్పట్లో కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల సాకెట్, రెండు వైపులా స్క్రూలు. లైనక్స్‌లో టీటీవైఎస్0 అన్న పోర్టు పేరంటే ఆ సాకెట్టే, ఏళ్ల తరబడి ఆ పేరు కదిలేది కాదు. ఆ అలవాటుతో ఇక్కడా టీటీవైయూఎస్‌బీ0 అంటే తూకం, 1 అంటే పంపు అని కోడ్‌లో రాసేశారు. యూఎస్‌బీలో ఆ అంకె వచ్చిన వరుసలో చేతిలో పెట్టే టోకెన్ లాంటిది, మనిషి పేరు కాదు.

ఒక రాత్రి హబ్బుకి కరెంటు క్షణం పోయి వచ్చింది. పంపుకి విడిగా కరెంటు ఉంది కాబట్టి అది తిరుగుతూనే ఉంది. ప్రోగ్రామ్ చక్కగా రెండు పోర్టులూ మూసి, మళ్లీ తెరిచింది. ఈలోగా అడాప్టర్లు తిరగబడిన వరుసలో లేచాయి. ఇక అది బరువెంతని పంపుని అడుగుతోంది, ఆగమని తూకానికి చెబుతోంది. జవాబు అర్థం కాకపోతే పాత బరువునే ఉంచుకోమని కోడ్‌లో ఉంది, కాబట్టి స్క్రీన్ మీద అంకె నిలకడగా, ముచ్చటగా కనబడింది. పొద్దున మేము తలుపు తీసేసరికి నీళ్లు గడప దాటాయి. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా ప్యాంటు మడిచి తుడవడం మొదలుపెట్టారు. లాగ్‌లో ఏ అడాప్టర్‌కి ఏ అంకె వచ్చిందో చెప్పే రెండు ‘అటాచ్డ్ టు’ లైన్లు తారుమారైన సంగతి మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. అది నీళ్లు కాక వేడి చేసే పరికరం అయ్యుంటే అన్న ఊహ నాకు ఇప్పటికీ వస్తుంది.

కాబట్టి ఆ అంకె నీ కోడ్‌లో ఎక్కడా కనబడకూడదు. డెవ్ ఫోల్డర్ కింద సీరియల్, దాని కింద బై-ఐడీ అన్న ఫోల్డర్ ఉంటుంది, అక్కడి పేరు వాడు. కానీ చవక అడాప్టర్లు చాలావాటికి సీరియల్ నంబర్ ఉండదు, అలాంటివి రెండు పెడితే అక్కడ ఒక్క పేరే మిగులుతుంది. అప్పుడు పక్కనే ఉన్న బై-పాత్ ఫోల్డర్‌లోని పేరు వాడాలి, అది సాకెట్‌ని బట్టి ఉంటుంది. ఆ సాకెట్ల పక్కన మార్కర్‌తో ‘తూకం’, ‘పంపు’ అని రాయి. చాదస్తం అనుకో, ఫర్వాలేదు. వీలైతే నంబర్ ఉన్న అడాప్టర్లే కొని, యూడెవ్ రూల్‌తో వాటికి నీ సొంత పేర్లు పెట్టుకో.

పోర్టు తెరిచిన ప్రతిసారీ ‘నువ్వెవరు’ అని అడిగే కమాండ్ పంపు. సరైన జవాబు రాకపోతే ముందుకి కదలకు. ఆపమన్న తర్వాత ఆగిందో లేదో కూడా అడుగు. పాత బరువు ఉంచుకునే తెలివితేటలు అసలొద్దు, బరువు రాకపోతే అది ఎర్రరే. అన్నిటికంటే ముఖ్యం, కొన్ని సెకన్లు కంప్యూటర్ నుంచి మాట రాకపోతే తనంతట తానే ఆగిపోయే సెట్టింగ్ ఆ పంపులో ఉందేమో మాన్యువల్‌లో వెతుకు. లేకపోతే పాత్ర నిండితే కరెంటే తెగిపోయే ఫ్లోట్ స్విచ్ ఒకటి పెట్టించు. అది లేకుండా రాత్రి నడపడానికి నేను ఒప్పుకోను, మీ అమ్మ చేత కూడా చెప్పిస్తాను.

ముందు పగటిపూట, ఉత్త నీళ్లతో, పక్కనే కూర్చుని నడుపు. నడుస్తుండగా హబ్బు ప్లగ్ లాగి పెట్టు. తర్వాత రెండు కేబుళ్లూ తీసి, వరుస మార్చి వాటి సాకెట్లలోనే పెట్టు. నీ ప్రోగ్రామ్ ఏం చేసిందో, డీమెస్‌జీ ఏమందో రెండూ నాకు మెయిల్ చెయ్యి. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో కాదు తల్లీ, టెక్స్ట్ ఫైల్. ఎన్ని వందల లైన్లున్నా సరే, కూర్చుని చదువుతాను.

పిన్ని