జేన్ గుడాల్ అంటే మీకెందుకంత అభిమానం?

మొండితనం, ఇంకేముంది! సెక్రటరీ కోర్సు తప్ప డిగ్రీ కూడా లేని అమ్మాయి, 26 ఏళ్లకి, 1960 జులైలో ఇప్పటి టాంజానియాలో ఉన్న గోంబే అడవికి చింపాంజీల కోసం వెళ్లింది. అవేమో ఈవిడ కనిపిస్తే చాలు పరుగే. అయినా నెలల తరబడి కొండ మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంది. చివరికి ఒకరోజు, గడ్డం నెరిసిన ఓ చింపాంజీ (డేవిడ్ గ్రేబియర్డ్ అని ఈవిడే పేరు పెట్టింది) గడ్డిపరక చెదపుట్టలోకి దూర్చి, దాన్ని కరుచుకున్న చెదపురుగుల్ని పెదాలతో లాగి తినడం కంటపడింది. అప్పటిదాకా పనిముట్లు చేసుకునేది మనిషొక్కడే అనుకునేవాళ్లు మరి! తర్వాత కేంబ్రిడ్జిలో, జంతువులకి పేర్లేంటి, నంబర్లివ్వాలి అన్నారట. వినలేదు. డిగ్రీ లేకుండానే పీహెచ్‌డీ తెచ్చుకుంది, పేర్లు మాత్రం అలాగే ఉంచింది.